నడుమెత్తు ఆకు

చిరంజీవి మనవడికి నానమ్మ దీవెనలు.

ఉల్లి మడులు మూడూ తవ్వించి గడ్డలు తూచాను. మందేమీ వేయని మడిలో గడ్డ సగటున డెబ్భై గ్రాములు. పెరుగుదల మందు, జింకు, బోరాన్ డబ్బా మీద రాసినంతే కలిపి నేను కొట్టిన మడిలో తొంభై అయిదు. "ఇంకాస్త పోస్తే ఏం పోతుంది నానమ్మా" అంటూ నువ్వు మూడింతలు పోసిన మడిలో ఆకు నా నడుమెత్తు పెరిగింది, గడ్డ ముప్ఫై దాటలేదు.

నీ మందుల కొట్టు బోర్డు మీద ఆ ఆకు ఫోటోనే పెట్టావట. అది చూసి రైతులు మూడేసి డబ్బాలు పట్టుకెళ్తున్నారని మీ అత్త చెప్పింది. వాళ్ళు అమ్ముకోవలసింది గడ్డ నాయనా, ఆకు కాదు.

సోమవారం వస్తున్నాను. అప్పటికి బోర్డు దిగకపోతే, నీ మడి గడ్డలూ తక్కెడా ముందు పెట్టుకుని దాని కిందే కూర్చుంటాను. నాకు తీరిక చాలా ఉంది.

నానమ్మ