ముగ్గురు బేస్ వాద్యకారులూ, మూడో టికెట్టూ

మార్చి 9, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఆ అందరిలో నా నడుం మాత్రం లేదు. పదకొండేళ్ళుగా విమానాశ్రయంలో ఊళ్ళోవాళ్ళ పెట్టెలన్నీ ఎత్తి దించుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. మీ బావ బాగున్నాడు. అంటే, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. మీ మేనకోడలికి ముందు పన్ను ఊడింది. నువ్వు నేర్పిన ఈల ఇప్పుడు రావట్లేదని నీ మీద అలిగింది. తప్పు పన్నుదేనే అంటే వినదు.

ఫోన్ చేయొచ్చుగా, ఈ రోజుల్లో ఉత్తరం ఏంటి అంటావు. ఫోన్లో నాన్న పేరెత్తగానే నీకు సిగ్నల్ పోతుంది కదా నాయనా. ఉత్తరానికి ఆ రోగం లేదు.

నీ కచేరీకి నువ్వు పంపిన టికెట్లు అందాయి. ఇరవై రెండో తారీఖు సాయంత్రం, ముందు నుంచి మూడో వరస. ఒకటి అక్కకి, ఒకటి బావకి అని కవరు మీద రాశావు. ఎవరికి లేదో రాయకపోయినా మాకు అర్థమైంది. ఆ కవరు నాన్న చేతుల మీదుగానే లోపలికి వచ్చింది రా. చదివి, బల్ల మీద పెట్టి, ఎండ బాగా కాస్తోందని చెప్పి బయటికెళ్ళిపోయాడు. ఆ రోజు ముసురు.

నాన్నకి కూడా ఒక టికెట్టు పంపించు. ఈ ఉత్తరం సారాంశం ఇదే. మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. కానీ చదువు, ఒట్టు.

పాత గొడవ నీకు నేను కొత్తగా చెప్పేదేముంది అనుకుంటావు. అయినా చెప్తాను. నువ్వు ఆ రోజు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయావు, తర్వాత జరిగింది చూడలేదు. నీ డబుల్ బేస్, మనిషిని మించిన ఆ ఫిడేలు, మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది వాయిద్యమా బీరువానా అని అడిగాడు గుర్తుందా? ఆ తర్వాత దాని కడుపులో పై చెక్కకీ వెనక చెక్కకీ మధ్య నిలబడే కర్ర అరిగిపోయి, గొంతు బొంగురుపోయిందని నువ్వు బెంగపెట్టుకున్నావు. కొత్తది వేయించాలంటే ఆరు నెలలు ఆగమన్నారు. అప్పుడు నాన్నే చేసి పెడతానన్నాడు. తలుపులూ కిటికీలూ చేసుకునే మనిషి, ఆ జానెడు కర్ర కోసం పదహారు రోజులు కూచున్నాడు. జిగురు వేయకూడదట, మేకు కొట్టకూడదట, కొలత కుదరడం వల్లే నిలబడాలట. ఏడు కర్రలు పారేశాడు. ఎనిమిదో కర్రని ఒంపు తీగతో పై చెక్కకున్న సన్నటి కంతలోంచి లోపలికి పంపి నిలబెట్టాక, నువ్వు కమాను వేసి లాగితే వంటింట్లో గిన్నెలు కూడా మోగాయి. నాన్న నవ్వడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆ పెద్ద వాద్యబృందం వాళ్ళ పరీక్షకి విమానంలో వెళ్ళావు. అక్కడ పెట్టె తెరిస్తే తీగలు వేలాడుతున్నాయి, తీగల్ని మోసే చెక్క గుర్రం పక్కకి ఒరిగిపోయింది, లోపల కర్ర పడిపోయి దొర్లుతోంది. ఎలాగో తీగలు బిగించి వాయిస్తే ఖాళీ డబ్బా వాయించినట్టు ఉందని నువ్వే చెప్పావు. వాళ్ళు సగంలోనే చాలన్నారు. ఇంటికొచ్చి ఆ కర్రని అన్నం తింటున్న నాన్న ముందు పెట్టి, నీ కొలత తప్పింది, నా బతుకు తప్పింది అన్నావు. అంతే. పదకొండేళ్ళు.

నువ్వు చూడనిది ఇది. నాన్న చెయ్యి కడుక్కుని, ఆ కర్రని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. మర్నాటి నుంచి కొలిచే పని మానేశాడు. అవును, మానేశాడు. వర్క్‌షాపుకి రోజూ వెళ్తాడు, కానీ కొలతలన్నీ తోటి వడ్రంగికి వదిలేసి, తను గరుకు కాగితం పట్టుకుని రుద్దుతూ కూచుంటాడు. నలభయ్యేళ్ళు కీళ్ళు కుదర్చడంలో పేరు మోసిన మనిషి! ఎవరైనా అడిగితే చూపు ఆనట్లేదంటాడు. మీ మేనకోడలి తలలో పేను మాత్రం గుమ్మంలోంచే కనిపెడతాడు.

సరే, నీ ముక్కు ఎర్రబడకముందే మాట మారుస్తాను. నీకో వింత చెప్పాలి. ప్రపంచంలో పేరు గొప్పగా ఉండి ముఖం ఎవరికీ తెలియని వాళ్ళు బేస్ వాయించేవాళ్ళే అని నువ్వు అంటుండేవాడివి. అలాంటివాళ్ళు ముగ్గురు నాకే తగిలారు, అదేం రాతో!

మొదటాయన సంగతి నీకు తెలుసు. నీ గదిలో గోడ మీద బొమ్మ ఉండేదే, ఆయన. మా విమానాశ్రయంలో వాళ్ళ బృందం దిగితే, పాటగాడి చుట్టూ జనం ఈగల్లా మూగారు. ఒకతను ఫోను తెచ్చి ఈయన చేతిలోనే పెట్టి, పాటగాడితో తనకి ఫోటో తీసిపెట్టమన్నాడు. ఈయన ఏమీ అనుకోలేదు. మోకాలు వంచి, వెలుతురు పడేలా ఇటు జరగమని చెప్పి, మూడు ఫోటోలు తీసి ఇచ్చాడు. తర్వాత గిటారు పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మీరు నాకు తెలుసండీ అన్నాను. వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు, పాపం! మా తమ్ముడి గోడ మీద మీ బొమ్మ ఉంది అంటే, గోడ పెచ్చు ఊడిందా అని అడిగాడు. నువ్వు నిజంగా అందుకే అంటించావని నేను చెప్పలేదులే. ఆయన సంతకం పెట్టించి నీకు పంపిన పెట్టె ట్యాగు ఆ రోజుదే.

రెండో ఆయన గురించి ఇంతవరకూ నీకు రాయలేదు. రెండేళ్ళు దాటింది. డబుల్ బేస్ అంటే ఆయనే అని నువ్వు చెవి కోసుకునేవాడివే, ఆ పెద్దాయన. తెల్ల పెట్టె చక్రాల మీద తోసుకుంటూ, నడిచే మంచం లాగా వచ్చాడు. నీ కబుర్లు విని విని ఆ తెల్ల గడ్డం నాకు కంఠతా వచ్చు. విమానం గంటన్నర ఆలస్యం. నా బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాడు, పెట్టె మీద చెయ్యి మాత్రం తీయలేదు. మా నాన్న వడ్రంగి, లోపలి కర్ర తనే చేశాడు అని గొప్పలు పోయాను. ఆయన నిటారుగా కూచుని, ఏ చెక్క, ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని పారేశాడు అని అన్నీ అడిగాడు. ఏడు పారేశాడంటే, అయితే పని తెలిసిన మనిషే అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. అదంతా రాస్తే కవరు బరువెక్కి స్టాంపులు చాలవు.

మూడో ఆవిడ నెల కిందటే తగిలింది. నా చెప్పు తెగితే వీధి మలుపులో చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళాను. ఒకావిడ బూటు విప్పి, ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళు చూస్తే ఒక్కో చివర రాయిలా ఉంది. నీ వేళ్ళు చూసిన కళ్ళు కదా, బేస్ వాయించే ఆవిడేనని పట్టేశాను. ఆవిడ కచేరీ అంటే జనానికి టికెట్లు దొరకవు. చెప్పులు కుట్టేవాడికి మాత్రం ఆవిడ ఎడమ బూటావిడే. తాళం వేసి వేసి ఎడమ మడమ ఒకటే అరుగుతుందట, ఏడాదికి నాలుగుసార్లు వస్తుందట. నేను ఊరుకోక, వాయిస్తూ వాయిస్తూ తప్పు చేస్తే ఏమవుతుందండీ అని అడిగాను. ఏమీ అవదు, వినేవాళ్ళకి పాడేవాళ్ళ శ్రుతి పోయినట్టు వినిపిస్తుంది, తప్పు నాదీ తిట్లు వాళ్ళవీ అని నవ్వింది. మరి మీరేం చేస్తారు అన్నాను. ఆ రోజే వెళ్ళి నేనే చేశానని చెప్పేస్తాను, లేకపోతే తర్వాత వాళ్ళ మొహం చూడలేను అంది. బూటు తొడుక్కుని రెండుసార్లు నేల మీద తట్టి చూసుకుని వెళ్ళిపోయింది. నా చెప్పు కుట్టించుకోవడం మర్చిపోయి నేను ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఇవి కబుర్లు. ఇక అడగాల్సింది అడుగుతాను. నీకు ఆ బృందం కాకపోతే ఇంకో బృందం దొరికింది. పేరొచ్చింది, మూడో వరస టికెట్లు ఊరికే పంచగలుగుతున్నావు. నాన్నకి ఏం దొరికింది రా? ఎవరి తప్పైతేనేం, పెద్దవాడు, వదిలేయరాదూ. ఒక్క టికెట్టు. నీ పక్కన కూచోడు, నీతో మాట్లాడమనడు. చీకట్లో కూచుని వింటాడు.

ఒంటి మీద శ్రద్ధ పెట్టు. వేళకి తిను. మీ బావ నిన్ను అడిగానని రాయమన్నాడు, కళ్ళజోడు దొరికిందట.

మూడో టికెట్టు వచ్చేదాకా పోస్టు మనిషిని వేధించుకు తినబోయే,
మీ అక్క

తా.క.

సోమవారం పొద్దున

నిన్న అంటించిన కవరు ఇవాళ చింపాను. పైన రాసిందాంట్లో పెద్ద అబద్ధం లేదు, కానీ అసలు ముక్క మింగేశాను. ఎవరి తప్పైతేనేం అని రాశాను చూడు, ఆ మాట కోసమే కవరు చింపింది. ఎవరి తప్పో నాకు తెలుసు.

ఆ పెద్దాయన చెప్పింది ఇప్పుడు రాస్తున్నాను. మా దగ్గర ఒక అట్ట ఉంటుంది, తీగలున్న వాయిద్యాలు తీగలు వదులు చేసి పంపించాలి అని. గిటార్ల కోసం రాసింది. ఆయన పెట్టె రాగానే అలవాటుగా, తీగలు వదులు చేయమంటారా అని అడిగాను. ఆయన పెట్టెకి అడ్డం నిలబడ్డాడు. తల్లీ, ఆ తీగల బిగువు మీదే లోపలి కర్ర నిలబడుతుంది, నాలుగూ వదిలేస్తే ఎంత బాగా కోసిన కర్రైనా పడిపోతుంది అన్నాడు. అప్పుడే నాన్న సంగతి చెప్పాను రా. గొప్పలకి కాదు. తప్పు నాన్న కొలతదో నా చేతిదో ఆయన నోట వినాలని చెప్పాను.

నువ్వు పరీక్షకి వెళ్ళిన రోజు నేను ఉద్యోగంలో చేరి మూడు వారాలు. పెట్టె నాకు అప్పజెప్పి, జాగ్రత్తక్కా అని చెప్పి నువ్వు లోపలికి పరుగెత్తావు. నా తమ్ముడి వస్తువు, నా చేతి మీదుగా పోతోంది, ఏ లోటూ రాకూడదు అనుకున్నాను. అట్ట చూసుకుని, పెట్టె తెరిచి, నాలుగు తీగలూ నేనే వదులు చేశాను. లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. పెట్టె గొళ్ళెం అనుకున్నాను. నీకు చెప్పాలని కూడా తోచలేదు, అందులో చెప్పడానికి ఏముంది అనుకున్నాను. కర్ర పడ్డందుకే తీగలు వదులయ్యాయని నువ్వు అనుకున్నావు. తీగలు వదులైనందుకే కర్ర పడింది.

తొమ్మిదేళ్ళు నాకు తెలియదు. అది నా అజ్ఞానం, క్షమించినా క్షమిస్తావు. కానీ తెలిశాక కూడా రెండేళ్ళు నోరు విప్పలేదు. మీ ఇద్దరూ ఒకరినొకరు పోగొట్టుకున్నా, నాకు మాత్రం మీరిద్దరూ ఉన్నారు కదా. నిజం చెప్తే నాకూ ఎవరూ మిగలరేమోనని భయం. ఆ ఎడమ బూటావిడ మాట విన్నప్పుడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

ఇవాళ పొద్దున్నే వర్క్‌షాపుకి వెళ్ళి ముందు నాన్నకి చెప్పాను. నిలబడే చెప్పాను, కూచుంటే చెప్పలేనని. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. గరుకు కాగితం పక్కన పెట్టి, అయితే కొలత సరిపోయిందా అని అడిగాడు. సరిపోయింది నాన్నా, సరిగ్గా సరిపోయింది అన్నాను. చేతులకున్న పొట్టు దులుపుకుంటూ మళ్ళీ అదే అడిగాడు, కొలత సరిపోయిందా అని. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు, తమ్ముడు చెప్తాడు నాన్నా అన్నాను. అది నువ్వొచ్చి చెప్పు.