తేలిక స్టీరింగు

మునీశ్వరీ,

ఆరు గంటల బస్సుకు మదనపల్లె డాక్టరు దగ్గరికి పోతున్నాను. నిద్రలో ఉన్నావని లేపలేదు. కారు ఎవరినీ తీయనివ్వొద్దు. మెకానిక్ యువరాజ్ వస్తే తాళాలివ్వు. స్టీరింగును తేలిక చేసే కరెంటు మోటారు పనిచేయడం లేదని చెప్పు. అనూషను స్కూలుకు ఆటోలో పంపు.

నిన్న రామసముద్రం నుంచి అనూషను కారులో తీసుకొస్తుంటే మలుపులో ఆ మోటారు ఆగిపోయింది. పాత జీపుకు మోటారే లేదు కదా, పదహారేళ్లు చేతుల బలంతోనే తిప్పాను. అందుకే ముందు భయం వేయలేదు. కానీ ఎడమచెయ్యి స్టీరింగు పట్టుకునే ఉంది, లాగలేదు. కారు గట్టు మీదుగా ఎగిరి వేరుశనగ చేలో పడింది. అనూష ఆటనుకుంది. "నాయనా, ఇంగొకతూరి!" అంది. నీకు చెప్పొద్దని దానికి నేనే చెప్పాను.

జీపయితే ఈ చేతి సంగతి మొదటి రోజే బయటపెట్టేది. ఈ కారు నా బదులు తనే తిప్పుతూ నన్ను నమ్మించింది. "దొరగారు ఒంటివేలితో తిప్పుతాండారే!" అని నువ్వు ఎగతాళి చేస్తే నేనూ మురిసిపోయాను. తక్కిన వేళ్లలో బలం ఉందో లేదో చూసుకోలేదు.

పొయ్యి మీద పాలు కాచి పెట్టాను.

- భాను

ఇంకొకటి. ఈ పొద్దు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. మూడు నెలలుగా అవి నువ్వే పెడుతున్నావు. ముద్దు చేస్తున్నావనుకున్నాను. నీకు ముందే తెలుసా?