పంపు తిరుగుతోంది, మనం కదలం

ఫెర్గస్,

గదులకు వేడినీళ్లు పంపే హీటింగ్ పంపు మళ్లీ ఆగితే ముందు స్విచ్ ఆపెయ్. చల్లారాక మధ్యలో ఉన్న పెద్ద స్క్రూ విప్పు. నీళ్లు కారతాయి, కింద గుడ్డ పెట్టు. లోపల బిగుసుకున్న ఇరుసును స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ తిప్పితే వదులవుతుంది. పొద్దున నేను చేసిందంతే.

నువ్వు నిద్రలో ఉండగా ఇంటి ఓనరు మెక్‌ఫీ వచ్చాడు. "పంపు చచ్చిందమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యండి. మీ ఆయన నిన్ననే సరేనన్నాడు" అన్నాడు. "ఆ గోడకున్న రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూడండి" అన్నాను. చురుక్కుమనేసరికి చెయ్యి లాక్కుని పోయాడు.

నన్నడక్కుండా సరేనంటావా? సాయంత్రం మళ్లీ వస్తాడు. కుదరదని నువ్వే చెప్పు.

డ్యూటీకి వెళ్తున్నా.

మోరాగ్

అన్నట్టు, నీ పక్కన పాప స్వెటరు లేకుండా పడుకుంది. ఈ చలికాలంలో ఇదే మొదటిసారి. తొడగకు.