ఈ గీత కింద చదవరాదు

3వ తేదీ

జనన పత్రాల అధికారి గారికి, రిటైరైన లెక్కల టీచరు నమస్కరించి రాయునది.

మా మనవరాలి జనన పత్రానికి నాలుగు నెలల కింద దరఖాస్తు పెట్టాం. ఈ నెల ఇరవైలోగా చూపించకపోతే బళ్లో సీటు పోతుంది. మీ వెబ్‌సైటులో నంబరు కొడితే ‘దొరకలేదు’ అని వస్తోంది. దాని కింద ఊళ్లోవాళ్లందరూ దొరుకుతున్నారు. నాకు ముందు ఎవరు సైటు చూస్తే వాళ్ల పేర్లు, ఫోన్లు, పిల్లల బరువులతో సహా. పలక తుడవకుండా పక్కవాడికి ఇచ్చినట్టుంది. గమనించగలరు.

ఇట్లు,
లెక్కల టీచరు

తా.క.: నిన్న ఆ పేజీలో ఒకావిడకు కవలలని కనిపిస్తే ఫోన్ చేసి అభినందించాను. నంబరెక్కడిదని అడిగింది. మీ ఆఫీసు పేరు చెప్పాను.

7వ తేదీ

టీచరు గారికి, అధికారి తెలియజేయునది.

ఫిర్యాదులు సైటు ద్వారానే తీసుకుంటాం. సైటు బాగాలేదని సైటులో ఒక్క ఫిర్యాదూ రాలేదు. కనుక సైటు బాగుంది. అయినా మీ వయసును గౌరవించి ఆ పేజీలో ఒక గీత గీయించి, ‘ఈ గీత కింద చదవరాదు’ అని రాయించాం. సమస్య తీరింది. పత్రం మాటకొస్తే, వరస తప్పించి ఎవరికీ సంతకం పెట్టను. నాకే కావాలన్నా అంతే.

ఇట్లు,
అధికారి

తా.క.: కవలల తల్లి వచ్చి గంటసేపు అరిచింది. ఇకమీదట ఎవరినీ అభినందించవద్దని మనవి.

10వ తేదీ

అధికారి గారికి నమస్కారాలు.

గీత చూశాను. తిన్నగా ఉంది. దాని కింద మీరు నాకు పంపబోయే నోటీసు ఉంది, ‘చదవరానిది చదివిన నేరానికి’ అని. మీ ఆఫీసు కాగితాలూ ఆ సర్వర్ మీదే నడుస్తాయని అప్పుడు తెలిసింది. నోటీసులో ఏడు తప్పులు దిద్ది జతచేశాను. ఆ ప్రతే పంపండి.

ఇంకాస్త కింద మీ టెక్నీషియన్ విన్నపం ఉంది. సర్వర్‌లో వాడే లైబ్రరీ అనే ప్రోగ్రాము పాతదట, ఒకరి పేజీలో మిగిలింది చెరపకుండా ఇంకొకరికి పంపుతోందట, కొత్త వెర్షన్ వేయడానికి గంట చాలట. మూడోసారి రాశాడు పాపం. పక్కన మీ జవాబు: ‘తొందరేముంది?’

ఇరవైకి పది రోజులే ఉన్నాయి. అదీ తొందర.

ఇట్లు,
టీచరు

తా.క.: మీ నోటీసుకు పదికి మూడు మార్కులు వేశాను. మీ కిందటి సర్క్యులర్ కంటే నయం.

13వ తేదీ

పూజ్యులైన టీచరమ్మ గారికి, శిష్యసమానుడు వినయంగా రాయునది.

నోటీసు చించేశాను. కొత్త వెర్షన్ ఇవాళే వేస్తానని టెక్నీషియన్ కూర్చున్నాడు. నాలుగు రోజులు ఆగమన్నాను. కారణం మీకొక్కరికే చెబుతున్నాను. పెద్దాఫీసులో నా ప్రమోషన్ ఫైలు నాలుగు నెలలుగా కదలడం లేదు. అడిగితే ‘చూస్తున్నాం’ అంటారు. ఇంట్లో ఆవిడకు జవాబు చెప్పలేక చస్తున్నాను. వాళ్ల కాగితాలూ ఈ సర్వర్ మీదే. మీరొక్కసారి గీత కింద చూసి, ఎక్కడ ఆగిందో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: భద్రత కోసం ఈ ఉత్తరం చేత్తో రాశాను.

16వ తేదీ

చిరంజీవి అధికారిని ఆశీర్వదించి రాయునది.

మూడో ప్రయత్నానికి దొరికింది. పెద్దాఫీసు మీ జనన పత్రం కోసం ఆగింది. నాలుగు నెలల కింద వాళ్లే మీ తరఫున సైటులో దరఖాస్తు పెట్టారు. అప్పట్నుంచి అది మీ బల్ల మీదే, మీ సంతకం కోసం పడి ఉంది.

మీ నంబరు నూట పన్నెండు. మా మనవరాలిది నూట పదకొండు. వరస తప్పించనని మీరే రాశారు.

కొత్త వెర్షన్ కూడా ఇవాళే వేయించండి. మీ ఫైలు నాకు ముందు ఇంకెవరు చదివారో నేను చెప్పలేను.

ఇట్లు,
టీచరు

తా.క.: నూట పది కవలలది. రెండు సంతకాలు పెట్టాలి. ఈసారి మీరే ఫోన్ చేసి అభినందించండి.