ఊదక్కర్లేదు, పో

మార్చి 3
తాగక ఏడు నెలలు. మా డిపోలో పొద్దున్నే గేటు దగ్గర మెషిన్‌లో ఊదితేనే డ్రైవరుకి బస్సు తాళం ఇస్తారు. ఈరోజు గార్డు మెషిన్ బయటికి తీయనే లేదు. నీకెందుకు బావా, నువ్వు సన్యాసం పుచ్చుకున్నావుగా, ఊదక్కర్లేదు పో అని తాళం చేతిలో పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయమేసింది. రాత్రి తాగింది పొద్దున మెషిన్‌లో చూపించి ఒకసారి దొరికినవాణ్ణి. ఇంకోసారి దొరికితే ఉద్యోగం పోతుంది. ఇంకో చుక్క ముట్టుకుంటే పిల్లని తీసుకుని వెళ్లిపోతానని మా ఆవిడ ఎప్పుడో చెప్పేసింది.

మార్చి 9
మా రూట్‌లో ట్రిప్పుకి పన్నెండు నిమిషాలు కోసేశారు. సిగ్నళ్లు అవే, గుంతలు అవే. కాగితం మీద మాత్రం బస్సు ఎగురుతుంది. లేటైతే మెమో.

మార్చి 14
రెండో మెమో. టైమింగ్ కంప్యూటర్ వేసిందన్నాడు మేనేజర్. అయితే దాన్నే వచ్చి నడపమనండి అన్నాను. నా నోటిదూల. మూడోది అక్కడికక్కడే రాసిచ్చాడు.

మార్చి 17
ఉచ్చ ఆపుకుని మూడు ట్రిప్పులు. ముందు ట్రాఫిక్, వెనక మెమో. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది బతుకు.

మార్చి 20, సాయంత్రం 6
ఒక ముసలావిడ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. నేను టైం చూసుకుంటూ క్లచ్ వదిలేశాను. కండక్టర్ అరవబట్టి సరిపోయింది. పడలేదు. నన్ను తిట్టనూ లేదు. అంత తొందరేం నాయనా అంది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఈ వణుకు దేనితో తగ్గుతుందో వాటికి బాగా తెలుసు. అదే నా ఏడుపు.

మార్చి 21
తాగాను. ఒక్క క్వార్టరే.

మార్చి 23
మళ్లీ. గార్డు ఊదించలేదు. మా ఆవిడ ఒకప్పుడు గుమ్మంలోనే నోరు వాసన చూసేది. ఇప్పుడు మంచినీళ్లు ఇచ్చి, అలిసిపోయావా అంటోంది. నమ్మేవాళ్ల మధ్య తాగడం ఎంత తేలిక! సిగ్గేస్తోంది. అయినా తాగుతున్నాను.

మార్చి 26, పొద్దున 5:40
డ్యూటీకి ముందే తాగాను. పాత రోజుల్లో కూడా ఈ పని చేయలేదు. గార్డు తాళం ఇచ్చేశాడు. సీట్లో కూర్చుని రాస్తున్నాను. అద్దంలో అన్నీ ఖాళీ సీట్లు. మొదటి స్టాప్‌లో స్కూలు పిల్లలు ఎక్కుతారు.

5:55
దిగి వెళ్లి, మెషిన్ అడిగి తీసుకుని ఊదాను. గార్డు మొహం పాలిపోయింది. మెషిన్ పాడైందన్నాడు. జ్వరమని రాస్తాను, ఇంటికి పో బావా అని నా చేతులు పట్టుకున్నాడు.

మళ్లీ ఊదాను.