రాడమెస్ మోచెయ్యి

శాన్ పెడ్రో, డిసెంబరు 3

అక్కా, నీ కొడుకు మోచెయ్యి బాగుపడింది, ఇక ఏడుపు ఆపు.

అమెరికా చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడే మన కుర్రాళ్లంతా సెలవులకి దిగారు. నిన్న మైదానంలో రాడమెస్, ఆపరేషన్ తర్వాత మొదటిసారి, బలమంతా పెట్టి విసిరాడు. ముప్పయ్యేళ్లు బంతులు పట్టిన నాకే కనపడలేదు! చప్పుడయ్యాక చూస్తే గ్లవ్‌లో ఉంది. వాడొచ్చి రోజూలాగే "దీవించు మామా" అన్నాడు. నేను తెల్లబోయి "నువ్వే నన్ను దీవించు నాయనా" అనేశాను. "ముసలాడికి మతి పోయింది" అని అందరూ ఒకటే నవ్వు.

మేక ఈనిందా? వాడికి అన్నంలోకి పచ్చికందులు, రెండు కొబ్బరికాయలు పంపు.

నాకింకా నోరు పెగలడంలేదు, నా బదులు వాణ్ణి నువ్వే దీవించు. బంతి పడిన అరచెయ్యి వాచింది. మందు రాయను, కొన్నాళ్లు ఉండనీ.

నీ తమ్ముడు
తోరిబియో