సైకిలు అట్ట పక్షాన

ఓడలో ఉన్న మా ఆయనకి, ఒడ్డున ఉన్న మీ ఆవిడ నమస్కారాలతో, మొహమాటం లేకుండా రాసేది.

ఇక్కడ నేను, అమ్మాయి, అత్తయ్యగారు, మీ రికార్డులు అందరం కులాసా. మీరూ మీ ఇంజన్లూ కులాసా అనుకుంటాను. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకని అడగొద్దు. ఫోన్లో మీరు నా మాట పూర్తికానివ్వరు. కాగితం మీదైతే ఎంత గింజుకున్నా మధ్యలో దూరలేరు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాలు నయం, కోపం యథాతథం. అమ్మాయి పరీక్ష బాగానే రాసిందట. "రాసిందట" అనే అంటున్నాను, నా పూచీ లేదు. మీ గొడుగు అట్ట రికార్డు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేసింది నేనే, అదీ దుమ్ము తుడవడానికి.

ఇక నాలుగో ప్రశ్న. పోయిన సెలవుల్లో చివరి రోజు, వెనక మెట్ల మీద నా పక్కన కూర్చుని "ఓడ మానేసి వచ్చేయనా?" అని అడిగారట. నేను తలెత్తకుండా బఠాణీలు ఒలుచుకుంటూ ఉండిపోయానట. "నీ జవాబు అర్థమైంది, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టేస్తున్నా" అని రాశారు. నా నోట్లోంచి రాని జవాబు మీకెలా అర్థమైందో మరి. చదివి ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టకుండా ఆగి, ఈ ఉత్తరం వరసగా చదవండి. చివరికి దూకారో, మీ గొడుగు అట్టని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను.

మన ఆదివారం బృందం సంగతి చెప్పాలి. పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు పైగది, అవే కుర్చీలు, అదే పద్ధతి. రికార్డు రెండు వైపులా పూర్తిగా వినాలి. ముల్లు లేచేదాకా నోరు మెదపకూడదు, మెదిపినవాళ్ళు టీ పెట్టాలి. గదిలో కూర్చుని విననివాళ్ళ ఓటు చెల్లదు. బస్సు డ్రైవరుగారు ఇప్పటికీ ప్రతివారం టీ పెడుతూనే ఉన్నారు. డ్రమ్ములు మొదలవగానే "అబ్బా!" అనకుండా ఉండటం ఆయనకి చేతకాదు, పాపం.

ఈసారి తేల్చాల్సింది మన పాత తగాదానే. ఆ నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండు చేసిన రికార్డుల్లో ఏది గొప్ప, అట్ట మీద గొడుగు బొమ్మ ఉన్నదా, సైకిలు బొమ్మ ఉన్నదా? మీరూ డాక్టరుగారూ గొడుగు పక్షం. చివరి పాటలో రెండో గిటారు వచ్చి మొదటిదానికి బదులు చెప్తుందని, అలాంటిది ఇంకెక్కడా లేదని మీ ఇద్దరి గోల. నేను సైకిలు పక్షం. ఒక్క గిటారుతో, డాబూ దర్పం లేకుండా, చెప్పాల్సింది చెప్పి ఊరుకునే రికార్డు అది. ఆ రెండో గిటారుది ఒట్టి వాగుడని పెళ్ళైన కొత్తలోనే మీ మొహం మీద చెప్పాను.

డాక్టరుగారు గొడుగు రికార్డు కొత్తగా అచ్చైన కాపీ కొనుక్కొచ్చారు. రెండు వైపులా విన్నాం. నా కుర్చీ ఎప్పటిలాగే ఎడమ స్పీకరుని ఆనుకునే ఉంది. ముల్లు లేవగానే నేనూ లేచాను. "ఇదేం మోసం? రెండో గిటారు తీసేశారు!" అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. నేను తగ్గుతానా? ఆ వాగుడు నాకు నచ్చకపోవచ్చు గానీ, ఉన్నదాన్ని తీసేసే హక్కు వాళ్ళకెక్కడిది? ఆయన్ని షాపుకి తరిమి రికార్డు మార్పించాను. మార్చి తెచ్చిందీ అంతే. మళ్ళీ తరిమాను. రెండోసారి తిరిగొచ్చి, "అమ్మా, ఆ షాపువాడు నన్ను చూడగానే షట్టర్ దించేస్తున్నాడు. ఇక మీరే తేల్చుకోండి" అని హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టారు.

తగిలించుకున్నాను. గిటారు లేదు. డ్రైవరుగారు తగిలించుకుని, "ఉందమ్మా, కుడివైపు శుభ్రంగా మోగుతోంది" అన్నారు. మళ్ళీ నేను పెట్టుకున్నాను. లేదు. అప్పుడాయన ఏమీ అనకుండా, నా తల మీదున్న హెడ్‌ఫోన్లని అటుదిటు తిప్పి పెట్టారు. గిటారు గణగణమంటూ వచ్చేసింది. ఇటు పియానో మాయమైంది.

అదీ సంగతి. నా కుడి చెవి పోయింది. చెవి డాక్టరు చూసి, "ఫ్యాక్టరీలో మీ మిషను ఏ పక్కనుంటుంది?" అని అడిగాడు. అట్టపెట్టెలు కోసే మిషను ఇన్నేళ్ళూ నా కుడిపక్కనే కదా. కొంచెం కొంచెంగా తినేసింది, ఇక తిరిగి రాదన్నాడు. ఎడమది భేషుగ్గా ఉంది, దానికిప్పుడు మూత పెట్టుకుని పనిచేస్తున్నాను. ఇంటికొచ్చి స్నానాలగదిలో ఏడ్చిన మాట నిజం. తర్వాత మొహం కడుక్కున్నాను. మీకు ఇంతవరకూ చెప్పనిది, అంత దూరంలో కూర్చుని నన్ను తలుచుకుని జాలిపడతారేమోనని. జాలి నాకు గిట్టదు.

పళ్ళ డాక్టరుగారు మంచి మనిషే. ఆ మంచితనంతోనే చంపుతారు. మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి, "ఇకనుంచి మీరు హాయిగా వినండమ్మా, తీర్పు మేం చెప్తాంలే" అన్నారు. నాకు తిక్కరేగింది. "పళ్ళూడినవాళ్ళు మీ దగ్గరికొస్తే తిండి మానేయమంటారా డాక్టరుగారూ?" అన్నాను. డ్రైవరుగారు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వారు.

రికార్డు మీద ముల్లు దించి, నేరుగా ఆయన యాంప్లిఫయర్ దగ్గరికెళ్ళాను. రెండు పక్కల పాటనీ కలిపి ఒక్కటిగా వినిపించే మీట దానికొకటుంది. కొన్న దగ్గర్నుంచీ ఆయన దాన్ని ముట్టుకోలేదు. అది నొక్కితే పాటని పాడుచేసినట్టేనంటారు. నొక్కాను. "అయ్యో, అయ్యో!" అన్నారు. "ముల్లు దిగాక మాట్లాడారు, ఈవారం టీ మీదే" అన్నాను.

రెండు రికార్డులూ అలాగే విన్నాం. డ్రమ్ములూ పియానో గిటార్లూ అన్నీ ఇరుకు బస్సులో జనంలా ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. గొడుగు చివరి పాటలో ఆ రెండో గిటారు వచ్చింది. అది లేకపోతే ఆ పాట ఎంత బోసిగా ఉంటుందో ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. అయినా నా ఓటు సైకిలుకే. బెంగ వేరు, తీర్పు వేరు. డ్రైవరుగారు కూడా సైకిలన్నారు. డాక్టరుగారు ఎలాగూ గొడుగే, ఆయన దగ్గరి కాంపౌండరు ఉద్యోగభయంతో గొడుగన్నాడు. ఇద్దరికిద్దరు. మీ ఓటు కోసం ఆగింది. ఉత్తరంలో పంపుతానంటే చెల్లదు, పద్ధతి మీకు తెలుసుగా.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. ఆ రోజు మెట్ల మీద మీరు నాకు కుడివైపు కూర్చున్నారు. ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. నేను జవాబు చెప్పకపోవడం కాదండీ, ప్రశ్నే నాకు చేరలేదు. అటువైపు ఇంకా ఎన్ని మాటలు పడిపోయాయో తలుచుకుంటే నాకు చెవి పోయినందుకన్నా ఎక్కువ బాధగా ఉంది. నా తలకాయ చూసి నా మనసు చదివేశాననుకున్నారు చూడండి, దానికి మాత్రం మిమ్మల్ని క్షమించను.

సంతకం పెట్టకండి. వచ్చేయండి. మీరు గొడుగుకే వేస్తారని, నేను ఓడిపోతానని తెలిసే పిలుస్తున్నాను. ఓడినా ఒప్పుకోను, అది వేరే సంగతి. వచ్చాక ఆ మెట్ల మీదే, ఈసారి నాకు ఎడమవైపు కూర్చుని, ఆ మాట మళ్ళీ అడగండి. జవాబు రాసేసింది కదా అనుకోకండి. అడగండి. నాకు వినాలనుంది.

ఇట్లు,
రెండో గిటారుది ఒట్టి వాగుడేనని ఇప్పటికీ అనే
మీ ఆవిడ